టిప్పు వేరు, మామూలు వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా బరంపురానికి ఇచ్ఛాపురం మీదుగా వస్తుంది. బండి వేళకు వస్తే ఏడింటికి చేతికందుతుంది, లేకపోతే మా వారు రెండో కాఫీ కూడా తాగేశాక. మొన్న అలా ఆలస్యంగా వచ్చిన సంచికలో సోంపేట పాఠకుడొకరి ఉత్తరం చదివాను. హోటల్లో వడ్డన బాగాలేకపోతే ఒక్క పైసా కూడా పెట్టకుండా లేచి రావాలనీ, అప్పుడుగాని వీళ్ళకు బుద్ధి రాదనీ ఆయన రాశారు. ఆయన కోపం నాకు బాగా అర్థమైంది. రెండు నెలల కిందట నేను ఆయనకంటే ఒక మెట్టు కిందికి దిగాను. అందుకే ఈ ఉత్తరం.

నేను అప్పడాలు చేసి అమ్ముతాను. మా వెనక వసారాలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఒత్తుతారు, పిండి కలపడం మాత్రం నా పని. ఇంగువ, మిరియాల పాళ్ళు ఎవరికీ చెప్పను, కోడలికి కూడా ఇంకా చెప్పలేదు. బరంపురం పట్టుచీరలకు ఉన్నంత పేరు ఇక్కడి అప్పడాలకూ ఊరగాయలకూ ఉంది కనుక వ్యాపారానికి లోటు లేదు. ఇళ్ళకు ఇచ్చేది ఇస్తూనే ఇరవై రెండేళ్ళుగా హోటళ్ళకు కూడా వేస్తున్నాను. అంటే ఈ ఊరి హోటళ్ళను నేను పెరటి గుమ్మం నుంచి చూసిన మనిషిని. అంట్ల తొట్టి, గ్యాసు బండలు, ఉల్లిపాయల బస్తాల మీద కునుకు తీసే కుర్రాళ్ళు, ఇదీ నాకు తెలిసిన హోటలు. వీధి గుమ్మంలోంచి వెళ్ళి కుర్చీలో కూర్చునేది ఏడాదికి రెండు మూడు సార్లే.

అలా వెళ్ళిన రోజుల్లో ఒకటి మా ఆడపడుచు కూతురి సంబంధం ఖాయమైన ఆదివారం. ఆరుగురం, ఒక చంటిపిల్ల. ఏసీ ఉన్న హోటలే కావాలన్నారు, వెళ్ళాం. పేరు రాయను. కూర్చున్న పావుగంటకు మంచినీళ్ళు వచ్చాయి. సాంబారు వడ అడిగితే పెరుగు వడ వచ్చింది. బిర్యానీ ‘ఇంకా ఐదు నిమిషాలు’ అంటూ అంటూ నలభై నిమిషాలకు వచ్చింది, అదీ అంచులు వేడి, నడుమ చల్లన. సాంబారు గిన్నె తెచ్చినప్పుడు వడ్డించే అబ్బాయి బొటనవేలు గోరు దాకా సాంబారులో ఉంది. మా ఆడపడుచు ఆ గిన్నెను పక్కకు జరిపి, భోజనం అయ్యేదాకా మళ్ళీ దానివైపు చూడలేదు. చంటిది ఏడుపు. పెళ్ళికొడుకు మేనమామ ‘మా విజయనగరంలో అయితేనా’ అని మొదలుపెట్టారు. మగపెళ్ళివారి నోట ఆ మాట వచ్చాక ఆడపెళ్ళివారి ముఖాలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక్క సంగతి దాచకుండా చెప్పాలి. భోజనంతో పాటు వేసిన అప్పడం మిషను అప్పడం. అన్నీ ఒకే కొలత, ఒకే గుండ్రం, నోట్లో పెట్టుకుంటే సోడా తప్ప మరో రుచి లేదు. నా కోపంలో సగం దానిదేనేమో.

బిల్లు వచ్చింది. తిన్నదానికి 1,640 రూపాయలు. దాని కింద సర్వీసు చార్జి పది శాతం, 164. ఆ రెండూ కలిపిన 1,804 మీద జీఎస్టీ ఐదు శాతం, 90 రూపాయల 20 పైసలు. నీళ్ళు తేవడానికి పావుగంట పట్టిన సర్వీసుకు 164 రూపాయలు, ఆ సర్వీసు మీద మళ్ళీ పన్ను! వియ్యాలవారి ముందు బిల్లు దగ్గర గొడవపడటం బాగుండదని మా వారు మాట్లాడకుండా కట్టేశారు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. పర్సులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి, సోంపు పళ్ళెంలో సరిగ్గా నడిమధ్యన పెట్టి లేచాను. ఏమీ పెట్టకపోతే మరిచిపోయామనుకుంటాడు, రూపాయి పెడితే అర్థమవుతుంది. అదీ నా లెక్క.

ఆటో ఎక్కబోతుంటే వెనక నుంచి ‘మావుసీ, మావుసీ’ అని పిలుపు, ఒడియాలో పిన్నీ అని. ఆ అబ్బాయే. పరుగెత్తుకొచ్చాడు. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, చొక్కా మీద ఇంకెవరి పప్పో ఒలికి ఉంది. మీ డబ్బులు మరిచిపోయారని ఒడియాలో చెప్పి రూపాయి నా అరచేతిలో పెట్టాడు. పెట్టి ఒక్క క్షణం కూడా నిలబడలేదు, లోపల ఎవరో కేక వేస్తున్నారు. నిజంగా మరిచిపోయాననుకున్నాడో, నా రూపాయి నా మొహాన కొట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఏదైనా నాకు పడవలసిందే పడింది.

మర్నాడు ఉదయం అప్పడాలు వేయడానికి మా పాత హోటలుకు వెళ్ళాను. నిన్నటి చోటు కాదు, ముప్పై ఏళ్ళుగా టిఫిన్లు అమ్ముతున్న మామూలు హోటలు. అక్కడి వంట మాస్టరుది కవిటి దగ్గర పల్లె. సాంబారు తిప్పుతూ నా కథంతా విని ‘ఆ అబ్బాయికి ఎన్ని టేబుళ్ళు, అమ్మా?’ అని అడిగారు. లెక్కపెట్టి చూసుకుంటే గుర్తొచ్చింది, ఏడు. అటువైపు హాలంతా వాడొక్కడే. ఏడు టేబుళ్ళకు ముగ్గురు ఉండాలట, కనీసం ఇద్దరు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కడిని పెట్టారంటే అది ఆ అబ్బాయి బద్ధకం కాదు, యజమాని పొదుపు అన్నారు. బిర్యానీ ఆలస్యం కూడా అంతేనట. చీటీ లోపలికి వెళ్ళాక సప్లయరు చేసేదేమీ ఉండదు. లోపల మాస్టరు పొయ్యి మీద ఏది ముందు పెడితే అది ముందు వస్తుంది, ఎక్కువ మందితో వచ్చిన ఆర్డరుకో, మేనేజరుకు తెలిసినవాళ్ళ ఆర్డరుకో మొదటి వంతు. ‘తిట్లు తినేది వాడు, ఆలస్యం చేసేది మేము’ అన్నారాయన, గరిటె గిన్నె అంచుకు తట్టి.

మరి సాంబారులో బొటనవేలు? ‘అది మాత్రం వాడిదే’ అని ఒప్పుకున్నారు.

ఇన్నేళ్ళుగా పెరటి గుమ్మంలో నిలబడుతూ నేను చూసింది కూడా కొంత ఉంది. మనం పళ్ళెంలో పెట్టిన డబ్బు ఎవరి చేతికి వెళుతుందో తినేవాళ్ళలో చాలామందికి తెలియదు. కొన్ని చోట్ల ఎవరి టేబుల్ డబ్బు వాళ్ళదే. కొన్ని చోట్ల గల్లాపెట్టె కింద ఒక డబ్బా ఉంటుంది, అందరూ అందులో వేయాలి, ఆదివారం రాత్రి షట్టరు దించాక పంచుకుంటారు. అందులో మాస్టరుకు ఒక వాటా, టేబుళ్ళు తుడిచే కుర్రాడికి సగం వాటా, అంట్లు తోమే ఆవిడకు చాలా చోట్ల ఏమీ ఉండదు. గ్లాసు పగిలితే దాని ఖరీదు ఆ డబ్బాలోంచే మినహాయించుకునే యజమానిని కూడా చూశాను. ఆయన దగ్గర డబ్బు వసూలు చేసుకోవడానికి నాకే మూడేసి నెలలు పట్టేది, చివరికి అప్పడాలు వేయడం మానేశాను.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. చిల్లర పోయింది. అందరూ కౌంటరు దగ్గర ఫోను చూపించి పైసలతో సహా కట్టేస్తున్నారు. వెనకటికి 87 రూపాయలు అయితే వంద ఇచ్చి పదమూడు వదిలేసేవాళ్ళు. ఇప్పుడు 87 అంటే 87. ఎవరైనా దయ తలచి ఫోనులోనే వంద కొట్టినా ఆ పదమూడూ యజమాని ఖాతాలో పడతాయి. అవి సప్లయరు దాకా నడిచొస్తాయని నాకు నమ్మకం లేదు.

మా తమ్ముడి కూతురు అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఇరవై శాతం ఇవ్వకపోతే మర్యాద కాదని మాకు పాఠం చెప్పింది. తరువాత తనే విడమరిచింది. అక్కడ టిప్పులు అందుకునే పనివాళ్ళకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలట, వాళ్ళ కేంద్ర చట్టం 1991 నుంచీ అదే అంకె దగ్గర ఆగిపోయింది. మామూలు కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. ఆ మిగతాది టిప్పులతో నిండాలి, నిండకపోతే అప్పుడు యజమాని వేయాలి. చాలా రాష్ట్రాలు తమ వంతుగా ఇంకా ఎక్కువ పెట్టుకున్నాయట. అంటే అక్కడ టిప్పు జీతంలో భాగం. అందుకే వడ్డన బాగాలేకపోయినా పూర్తిగా ఎగ్గొట్టడానికి వాళ్ళు జంకుతారు. మనకు ఆ లెక్క లేదు, ఆ శాతాలు మనకెందుకు? అదే అమ్మాయి జపాను వెళ్ళినప్పుడు టిప్పు పెడితే అక్కడి ఆవిడ మర్యాదగా తిరిగి ఇచ్చేసిందట. ఇది విన్నప్పుడు నా రూపాయి సంగతి ఇంకా జరగలేదు, లేకపోతే మాట మార్చేదాన్ని.

మన మాట బక్షీసు. పారసీ నుంచి వచ్చి తెలుగులోనూ ఒడియాలోనూ ఒకేలా స్థిరపడిపోయింది. మా మామగారు ఆ మాటే వాడేవారు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో పుట్టిన మనిషి, 1936లో ఒడిషా ఏర్పడినప్పుడు బడికి వెళ్ళే వయసట. హోటలుకు వెళితే తిన్నాక ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, చేతిలో పెట్టేవారు. పళ్ళెంలో ఎప్పుడూ వదిలేవారు కాదు. పళ్ళెంలో వదిలితే అది ఎంగిలి డబ్బు అనేవారు. ఆ పద్ధతిలో కాస్త దొరతనం ఉంది, ఒప్పుకుంటాను. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. అయినా ఎవరికి ఇస్తున్నామో వాళ్ళకే చేరుతుందనే భరోసా అందులో ఉంది. వడ్డన బాగాలేని రోజున కూడా ఆయన ఆ మనిషిని పిలిచేవారు. ‘ఈవేళ పప్పు మాడింది, మాస్టరుకు చెప్పు’ అని, ఇవ్వవలసింది ఇచ్చి వచ్చేవారు. పప్పు మాడినందుకు మోసుకొచ్చినవాడి డబ్బు కోయడమేమిటని ఆయన తర్కం. ఒక్కసారి మాత్రం, ఎవరో ముసలాయనను కసురుకున్న సర్వరుకు ఏమీ ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో వాడికి చెప్పి మరీ వచ్చారు.

ఇప్పుడు సర్వీసు చార్జి సంగతి. సోంపేట పాఠకుడు దీని ఊసెత్తలేదు, నాకు అసలు కడుపుమంట ఇక్కడే. మా అన్నయ్య కొడుకు ఆడిటరు దగ్గర పనిచేస్తాడు, ఆ బిల్లు చూపించి అడిగితే విప్పి చెప్పాడు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళు సర్వీసు చార్జిని తమంతట తాము బిల్లులో వేయకూడదు, ఇంకో పేరు తగిలించి కూడా వేయకూడదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం తిన్నవాళ్ళ ఇష్టమని ముందే చెప్పాలి. ఇవ్వనన్నవాళ్ళను లోపలికి రానివ్వకపోవడం కుదరదు. తిండి డబ్బుకు దీన్ని కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయడం కూడా కూడదు. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళి ఆ నెలలోనే స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాళ్ళ వాదన తోసిపుచ్చి, ఆ మార్గదర్శకాలు సరైనవేనని చెప్పి, రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. బిల్లులో సర్వీసు చార్జి కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. తీయకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను.

లెక్క ప్రకారం మా బిల్లు 1,640 మీద 82 రూపాయల పన్నుతో 1,722 కావాలి. మేము కట్టింది 1,894. ఆ 172 రూపాయల్లో ఆ అబ్బాయికి ఎంత వెళ్ళింది? వెళ్ళి ఉంటే ఒక్క రూపాయి పట్టుకుని ఆటో దాకా పరుగెత్తేవాడా?

అదే మేనల్లుడు ఇంకో ముక్క కూడా చెప్పాడు. తిన్నవాళ్ళు సర్వర్లకని ఇచ్చిన టిప్పులను హోటలు వసూలు చేసి వాళ్ళకు పంచినా, అది యజమాని ఇచ్చే జీతం కిందికి రాదని 2016లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందట. ఆదాయపు పన్ను కోత గురించి వచ్చిన తగాదా అది. పన్ను సూక్ష్మాలు నాకు తెలియవు కానీ నా మట్టి బుర్రకు అర్థమైంది ఇది: ఆ డబ్బు యజమాని సొమ్ము కాదు, ఆయన చేతి మీదుగా పోయే సొమ్ము. మరి బిల్లులో అచ్చు వేసి తనే ఎందుకు ఉంచుకుంటున్నాడు?

ఇవ్వకపోతే పని జరగదని ముక్కు పిండి తీసుకునేదాన్ని మనం మామూలు అంటాం. ఆఫీసుల్లో అది తీసుకునేవాళ్ళను తిట్టుకుంటాం. హోటలు బిల్లులో అచ్చేసి వచ్చేసరికి మాత్రం తల వంచి కడతాం. ఇంటి దాకా తిండి తెచ్చే కుర్రాళ్ళ యాప్‌లు ఇంకా వింత, తిండి రాకముందే టిప్పు ఎంత వేస్తారని అడుగుతాయి. వడ్డించకముందే బక్షీసు ఏమిటి?

సోంపేట పాఠకుడికి నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఏమీ పెట్టకుండా లేచి వస్తే వాళ్ళకు బుద్ధి రాదు, మనం పిసినారులమని మాత్రం అర్థమవుతుంది. పప్పు చల్లారిందనీ, నీళ్ళు ఆలస్యమయ్యాయనీ ఖాళీ పళ్ళెం చెప్పలేదు. నా రూపాయి బిళ్ళ కూడా చెప్పలేదు. నోరు పెట్టుకుని చెప్పాలి, చెప్పవలసినవాళ్ళకు చెప్పాలి. వేలు సాంబారులో ఉంటే ఆ అబ్బాయికే, పదిమంది ముందు కాకుండా పక్కకు పిలిచి. ఏడు టేబుళ్ళకు ఒక్కడుంటే గల్లా దగ్గర కూర్చున్నవాడికి, అదీ పదిమందీ వినేలా. మా ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్ర రోజుల్లో ఊరంతా వీధుల్లో ఉన్నప్పుడు ఆలస్యమైతే ఎవరినీ అనకూడదు, ఆ రోజుల్లో నా అప్పడాలు కూడా వేళకు అందవు.

పోయిన గురువారం నేనూ మా వారూ మళ్ళీ అదే చోటికి వెళ్ళాం. తినాలని కాదు, ఆ అబ్బాయిని చూడాలని. కొత్తవాడు వడ్డించాడు. రెండు కాఫీలు, ఒక ప్లేటు ఇడ్లీ. బిల్లులో మళ్ళీ సర్వీసు చార్జి ఉంది. ఈసారి వియ్యాలవారు లేరు. తీసేయమన్నాను. కంప్యూటర్‌లో అలాగే వస్తుందమ్మా, నా చేతిలో లేదు అన్నాడు మేనేజరు. 1915 చేతిలో ఉందన్నాను. కాసేపు నన్నూ మా వారినీ మార్చి మార్చి చూసి, పెన్నుతో కొట్టేసి, కొత్త మొత్తం చేత్తో రాశాడు. కంప్యూటర్ ఏమీ అనలేదు.

కొత్త అబ్బాయి చేతిలో ఇరవై పెట్టి, పాత అబ్బాయి ఏడీ అని అడిగాను. సూరత్ వెళ్ళిపోయాడట, వాళ్ళ అన్న అక్కడ మగ్గాల మిల్లులో ఉన్నాడు. మా జిల్లా కుర్రాళ్ళు సగం మంది చేరేది అక్కడికే. ఎప్పుడు వస్తాడంటే, ఎవరికి తెలుసు మావుసీ అన్నాడు.

మేము లేచేసరికి మేనేజరు గుమ్మం దాకా వచ్చాడు. మీరు అప్పడాలు వేస్తారటగా, వంద కట్ట ఎంత అని అడిగాడు. ఏడు టేబుళ్ళకు ఎంతమందిని పెట్టారని అడిగాను. ఇద్దరున్నారన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

ఇట్లు,
అప్పడాలు చేసే ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిషా